తప్పెవరిది? – తెర మీది తెలుగు, ఒక పరిశోధకురాలి దారి

పరిశోధకులకు అంశం దొరకడం వేరు, దిశ దొరకడం వేరు. ఇంటరాక్షన్ డిజైన్‌లో పరిశోధనకు చేరిన ఒక కోవూరు అమ్మాయి విషయంలో ఈ రెండింటికీ నడుమ రెండేళ్ళు గడిచాయి. అంశం విశ్వవిద్యాలయంలో దొరికింది. దిశ మాత్రం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, సొంత ఊరిలోని ఒక చౌకధరల దుకాణం ముందు, అమ్మమ్మ పక్కన వరుసలో నిలబడి ఉండగా దొరికింది. ఆ దిశ ఆమెను కంప్యూటరు శాస్త్రం నుంచి తెలుగు వాక్యం వైపు మళ్ళించింది. తెలుగు శాఖలు తమది కాదనుకుంటున్న ఒక ప్రశ్న నిజానికి వాటిదేనని ఆ మళ్ళింపు సూచిస్తున్నది. ఆ కారణంగా దానిని ఇక్కడ పరిశీలించడం అవసరం.

శాస్త్రం, దాని కొలతలు

మనిషికీ యంత్రానికీ మధ్య జరిగే వ్యవహారాన్ని ముందుగా ఆలోచించి తీర్చిదిద్దే విద్య ఇంటరాక్షన్ డిజైన్. ఏది నొక్కాలి, నొక్కితే ఏమవుతుంది, అయినట్లు ఎలా తెలుస్తుంది అన్నవి దాని ప్రాథమిక ప్రశ్నలు. ఈ పేరు 1980ల మధ్యలో బిల్ మోగ్రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు రూపకర్తల ద్వారా వాడుకలోకి వచ్చింది. 1982లో విడుదలైన గ్రిడ్ కంపాస్ అనే మడత కంప్యూటరుకు బాహ్యరూపాన్ని కల్పించినవాడు మోగ్రిడ్జ్. దానిని తెరిచి పనిచేయడం మొదలుపెట్టగానే తాను తీర్చిన పెట్టె రూపం మరుపుకు వచ్చి, తెర లోపలి వ్యవహారమే తనను పూర్తిగా లాగివేసిందని ఆయన గ్రహించాడు. అప్పటివరకు వస్తువుకు ఆకారం కల్పించడమే రూపకల్పన. అక్కడి నుంచి నడవడికకు ఆకారం కల్పించడం కూడా దానిలో భాగమైంది. వెర్‌ప్లాంక్ ఈ విద్యను మూడు ప్రశ్నలుగా కుదించాడు: మనిషి పనిని ఎలా చేస్తాడు, చేస్తున్నప్పుడు అతనికి ఎలా అనిపిస్తుంది, ఏం జరుగుతున్నదో అతనికి ఎలా తెలుస్తుంది.

పరిశోధకురాలు మొదట ఎంచుకున్న అంశం ఈ మూడింటిలో మొదటిదానికే పరిమితమైంది. చెల్లింపుల తెరలలో ఎన్ని మెట్లు తగ్గిస్తే ఎన్ని క్షణాలు మిగులుతాయన్నది ఆమె పరికల్పన. పట్టికలు చక్కగా వచ్చాయి. అయితే ఆ పట్టికలలో పాల్గొన్నవారందరూ ఆమె వంటివారే: చదువుకున్నవారు, యువకులు, తెర తప్పు చూపితే విసుక్కొని మరోసారి నొక్కేవారు. మిగిలిన ఆ క్షణాలు ఎవరివి, వాటితో వారికి ఒరిగినదేమిటి అన్న ప్రశ్నకు పట్టికలో గడి లేదు.

విక్టర్ పపానెక్ 1971లో ప్రచురించిన ‘డిజైన్ ఫర్ ది రియల్ వరల్డ్’ను ఆమె ఆ రోజులలోనే చదివింది. రూపకర్తలు తమ నేర్పును సంపన్నుల చిల్లర కోరికలకు వెచ్చిస్తూ, అసలైన అవసరాలున్న అధిక సంఖ్యాకులను విస్మరిస్తున్నారన్నది అందులోని ప్రధాన ఆరోపణ. ఆమె దానిని అంగీకరించింది, సమీక్షాధ్యాయంలో ఒక పేరా రాసింది, తిరిగి క్షణాలు లెక్కపెట్టుకున్నది. సామాజిక బాధ్యత అప్పటికి ఆమెకు సిద్ధాంతవ్యాసంలో ఉండవలసిన ఒక మర్యాద మాత్రమే.

వరుసలో నిలబడిన మధ్యాహ్నం

ఆంధ్రప్రదేశ్ చౌకధరల దుకాణాలలో 2015 నుంచి వేలిముద్రతో సరుకులిచ్చే యంత్రాలు వచ్చాయి. బోగస్ కార్డుల మీద బియ్యం పక్కదారి పట్టకుండా చూడడం వాటి ఉద్దేశం. ఉద్దేశంలో లోపం లేదు. అయితే ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కలుపు తీసి, కుప్పలు నూర్చిన చేతులలో వేలి గీతలు అరిగిపోతాయి. వయసు పైబడిన కొద్దీ చర్మం మరింత పలచబడుతుంది. పెన్న కాలువల కింద వరి పండించే కోవూరు వంటి ప్రాంతంలో అటువంటి చేతులు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ వేలు పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకొని మళ్ళీ పెట్టింది. వేలు మార్చి పెట్టింది. ప్రతిసారీ తెర మీద వేలిముద్ర సరిపోలలేదన్న భావం గల ఒక వాక్యం వచ్చింది. దుకాణదారుడు మంచివాడే. “అవ్వా, రేపు పొద్దున చెయ్యి బాగా కడుక్కొని రా” అన్నాడు. ఆమె తలవంచుకొని సంచి మడిచి, మనవరాలితో, “నా యేలే మంచిది కాదులేమ్మా” అన్నది.

పరిశోధకురాలిని ఆపినది బియ్యం దొరకకపోవడం కన్నా ఈ మాట. బియ్యం మర్నాడు దొరికాయి. కాని యాభై ఏళ్ళు అన్నం పండించిన వేలు ‘మంచిది కాని వేలు’ ఎలా అయింది? ఆ తీర్పు ఎవరు ఇచ్చారు? దుకాణదారుడు ఇవ్వలేదు, ప్రభుత్వ ఉత్తర్వులోనూ అటువంటి మాట ఉండదు. తెర మీది వాక్యం ఇచ్చింది. మరింత కచ్చితంగా చెప్పాలంటే, ఆ వాక్యనిర్మాణం ఇచ్చింది.

‘వేలిముద్ర సరిపోలలేదు’ అన్న వాక్యంలో కర్త వేలిముద్ర. సరిపోలవలసిన బాధ్యత దానిదే, విఫలమైనదీ అదే. యంత్రం ఈ వాక్యంలో ఎక్కడా లేదు. అది మాట్లాడుతున్నది కాని తనను గురించి మాట్లాడడం లేదు. దీనినే ‘ఈ యంత్రం మీ వేలిముద్రను గుర్తించలేకపోయింది’ అని మారిస్తే జరిగిన సంఘటన మారదు, సాంకేతిక వివరం మారదు. కర్త మారుతుంది, కర్తతో పాటు తప్పు చేతులు మారుతుంది. రెండవ వాక్యం విన్న ముసలమ్మ “ఈ మిషను మంచిది కాదు” అని ఉండేది. అది వాస్తవానికి ఎక్కువ దగ్గర.

రెండు పదాల ఆ వాక్యాన్ని ఎవరో, ఎక్కడో కూర్చుని రాశారు. బహుశా ఆంగ్ల వాక్యానికి అనువాదంగా రాశారు. కారకాల గురించి బి.ఏ. తెలుగు తరగతిలో చెప్పుకునే పాఠం ఆ గదిలోకి చేరి ఉంటే అది మరో విధంగా ఉండేది. పరిశోధకురాలికి దిశ దొరికినది ఇక్కడే.

సంవాద రచనగా తెర

కోవూరు మండలంలోని పాటూరుకు రెండు విషయాలలో పేరున్నది. ఒకటి చేనేత. రెండవది, తిక్కన కుటుంబానికి ఆ ఊరితో ఉన్నదని సంప్రదాయం చెప్పే సంబంధం. ఈ రెండూ ఆమె పరిశోధనకు చెరొక వైపు నుంచి దారి చూపాయి.

మగ్గం కూడా ఒక యంత్రమే. నేసేటప్పుడు పడుగులో ఒక పోగు తెగితే నేతగానికి ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. అతడు నాడెను ఆపి, ఆ పోగును వెదికి, ముడివేసి, మళ్ళీ సాగుతాడు. తప్పు జరిగిన చోటును చూపి, దిద్దుకునే వీలునిచ్చి, అంతవరకు నేసినదానిని పాడుచేయకుండా ఉంచే గుణం మగ్గంలో ఉన్నది. వెర్‌ప్లాంక్ అడిగిన ‘ఎలా తెలుస్తుంది’ అన్న మూడవ ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన సమాధానం అరుదు. దరఖాస్తు అంతా నింపిన తరువాత ‘దోషం సంభవించినది’ అని చెప్పి, నింపినదంతా చెరిపివేసే తెర ముందు ఈ పాత యంత్రం ఎంతో సంస్కారవంతంగా కనిపిస్తుంది.

తిక్కన నుంచి గ్రహించవలసినది సంభాషణ. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేసిన ఆ కవి నాటకీయతను విమర్శకులు విస్తారంగా చర్చించారు. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో, ఎంత మాట అనవచ్చునో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు తక్కువ. క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దిలో ‘ఔచిత్య విచార చర్చ’లో కావ్యానికి ప్రాణంగా చెప్పిన గుణం ఇదే. తెర మీద వచ్చే ప్రతి సూచన, ప్రతి నిరాకరణ, ప్రతి ప్రశ్న ఒక సంవాదంలోని పలుకు. పలికే పాత్ర యంత్రం, రాసినవాడు అదృశ్యుడు, వినేవాడు మాత్రం నిజమైన మనిషి. అందుచేత అక్కడ కూడా ఔచిత్యం ప్రసక్తమవుతుంది.

తెలుగులో ఈ ప్రశ్న ఆంగ్లంలో కన్నా తీవ్రం. ఆంగ్లంలోని విధ్యర్థక క్రియ ఎదుటివాని వయసునూ అంతస్తునూ దాటవేస్తుంది. తెలుగు క్రియ దాటవేయలేదు. ‘నమోదు చేయి’ అనాలి, లేదా ‘నమోదు చేయండి’ అనాలి. రెండింటి నడుమ తటస్థమైన చోటు లేదు. నెల్లూరు ప్రాంతపు ఇళ్ళలో మనవరాలు అమ్మమ్మను ‘నువ్వు’ అనడం చనువు. అదే ఏకవచనాన్ని యంత్రం వాడితే చులకన. ఆంగ్లపు మీటను పదానికి పదంగా తెనిగించినవారు ఈ భేదాన్ని చూడకపోవడం వల్ల, ఒకే తెరలో ఒకచోట ‘ఎంచుకోండి’, మరొకచోట ‘రద్దు చేయి’ కనిపిస్తుంటాయి. మనుషులలో ఎవరైనా ఒకే ఊపిరిలో ఇలా మాట్లాడితే వారి మర్యాదను శంకిస్తాము.

కొత్త గ్రాంథికం

పదాల ఎంపికలోనూ ఇదే స్థితి. దరఖాస్తు చివర ఉండే మీటకు ‘సమర్పించు’ అన్న పేరు స్థిరపడింది. తెలుగువారి వాడుకలో సమర్పణ దేవునికో, గురువుకో, కృతిభర్తకో చేసేది. కోవూరులో ఒక వితంతువు పింఛను కోసం చేసే పనికి ఆమె వాడే మాట ‘అర్జీ పెట్టుకోవడం’. అర్జీ పెట్టిన మనిషికి జవాబు అడిగే హక్కు ఉంటుంది, సమర్పించుకున్న మనిషికి ప్రసాదం కోసం ఎదురుచూడడమే మిగులుతుంది. పదం మారితే పౌరుని స్థానం కూడా కొంత మారుతున్నది.

ఈ తెరల భాష ఎవరి నోటా లేని భాష. ఒక శతాబ్ది కిందట పాఠశాలలోని గ్రాంథికాన్ని గురించి గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వేసిన ప్రశ్నను దీని విషయంలో మళ్ళీ వేయవలసి ఉన్నది. నేర్చుకునేవాడు ఏ భాషలో బతుకుతున్నాడో ఆ భాషలో పాఠం ఎందుకుండకూడదన్నది ఆయన వాదం. ‘వ్యావహారికం’ అన్న మాటలోనే వ్యవహారం ఉన్నది. ఇంటరాక్షన్ డిజైన్‌ను ‘వ్యవహార రూపకల్పన’ అని తెలుగు చేస్తే, అది గిడుగు ఉద్యమానికి దూరపు బంధువు కాదని తెలుస్తుంది.

అయితే గిడుగు నుంచి గ్రహించవలసినది సులభమైన పదాల జాబితా కాదు, పద్ధతి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవరల భాషను వారి నుంచి నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేశాడు, 1931లో వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించాడు. భాషాశాస్త్రజ్ఞుడు ముందుగా విద్యార్థి అయ్యాడు. నేటి రూపకర్త తెరను తయారుచేసి ఆఖరున వినియోగదారునికి చూపి ‘బాగున్నదా’ అని అడుగుతాడు. ముందుగా వెళ్ళి, కూర్చుని, నేర్చుకుని, ఆ తరువాత తయారుచేయడం గిడుగు మార్గం.

భాషాజ్ఞానం నుంచి పుట్టిన మంచి రూపకల్పనకు ఉదాహరణలు లేకపోలేదు. ముంబయి ఐఐటీలోని డిజైన్ కేంద్రం రూపొందించిన ‘స్వరచక్ర’ కీబోర్డు వాటిలో ఒకటి. తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు అది ఉన్నది. హల్లును తాకితే దాని చుట్టూ చక్రంలా గుణింతపు రూపాలు విచ్చుకుంటాయి. బడిలో పిల్లలు వల్లించే గుణింతమే అక్కడ యంత్రానికి వ్యాకరణం. ఆంగ్లపు మీటలను అరువు తెచ్చుకోకుండా, లిపి స్వభావాన్ని అనుసరించడం వల్ల అది సాధ్యమైంది.

మర్యాదకు అవతల

ఇంతవరకు వచ్చిన తరువాత పరిశోధకురాలికి ఒక సందేహం కలిగింది. మర్యాదగా కాదన్నా కాదనడమే కదా. ‘ఈ యంత్రం మిమ్మల్ని గుర్తించలేకపోయింది, క్షమించండి’ అని చెప్పి ఉత్త సంచితో పంపితే ఆ సౌమ్యత మరింత క్రూరం కాదా? వాక్యాన్ని దిద్దడమే సామాజిక బాధ్యత అనుకుంటే, అన్యాయానికి మంచి తెలుగు నేర్పినట్లవుతుంది.

దీనికి సమాధానం ఆమెకు నెల్లూరు జిల్లా చరిత్రలోనే దొరికింది. 1990ల ఆరంభంలో జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడులలో వయోజనులు చదివిన వాచకంలో సీతమ్మ కథ ఒక పాఠం. భర్త సారా వ్యసనం వల్ల చితికిన సంసారం కథ అది. పాఠం చదివి ఊరుకోవడం కాక, దాని మీద మాట్లాడుకోవడం ఆ తరగతుల పద్ధతి. మెట్ట ప్రాంతపు దూబగుంటలో స్త్రీలు అలా మాట్లాడుకుని, సీతమ్మ కథ తమ కథేనని గుర్తించి, ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. వారి గెలుపు ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా తిరిగి వాచకంలోకి వచ్చి, ఇతర గ్రామాలకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. సంపూర్ణ నిషేధం 1997లో సడలిన మాటా నిజమే. అయినా ఒక వాచకపు పాఠం ఇంత దూరం నడవడం సామాన్యం కాదు.

వ్యవహార రూపకల్పన దృష్టితో చూస్తే ఆ వాచకం ఒక తెర వంటిదే. దానిలో అక్షరాలున్నాయి, బొమ్మలున్నాయి, క్రమం ఉన్నది. దాని బలం మాత్రం పాఠానికి అవతల ఉన్న చోటులో ఉన్నది: చదివినవారు ఎదురు మాట్లాడే చోటు. బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ వయోజన విద్యకు ఆధారంగా చెప్పిన సంవాదం అదే. పాఠకుల మాట తిరిగి వాచకంలోకి ప్రవేశించింది, వాచకం మారింది. చౌకధరల దుకాణంలోని యంత్రానికి అటువంటి చోటు లేదు. అది అడుగుతుంది, ఒప్పుకుంటుంది లేదా నిరాకరిస్తుంది. దానితో ‘నీవు పొరబడ్డావు’ అని చెప్పడానికి మీట లేదు.

సౌమ్యత, బాధ్యత వేర్వేరని ఇక్కడ స్పష్టమైంది. నిరాకరించే ప్రతి వాక్యం వెంట ‘ఇక మీరు ఇలా చేయవచ్చు’ అన్న మరో వాక్యం ఉండాలి, ఆ వాక్యం నిజం కావాలి. వేలిముద్ర పడని మనిషికి మరో గుర్తింపు మార్గం ఉన్నదని తెర స్వయంగా చెప్పాలి, ఆ మార్గాన్ని ఆ క్షణంలోనే తెరవాలి, ఎందరికి అలా నిరాకరణ ఎదురైందో లెక్క పైవారికి చేరాలి. అప్పుడు వాక్యం వ్యవస్థను కదిలిస్తుంది. లేకపోతే అది అలంకారం.

నీరు ఎంతవరకు వస్తుంది?

ఇదే ప్రశ్న మరింత తీవ్రంగా 2021 నవంబరులో కోవూరు ముంగిట నిలిచింది. పెన్నకు వచ్చిన పెద్ద వరదలో నెల్లూరు, పడుగుపాడుల మధ్య రైలుమార్గం దెబ్బతిన్నది. జాతీయ రహదారి తెగింది. లోతట్టు ఊళ్ళు నీట మునిగాయి. అటువంటి వేళ ఎగువ జలాశయం నుంచి వచ్చే సమాచారం క్యూసెక్కులలో ఉంటుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. నీటిపారుదల ఇంజనీరుకు అది పూర్తి అర్థమున్న సంఖ్య. ఏటి ఒడ్డున గేదెలను కట్టేసుకున్న మనిషికి కావలసినది వేరు: నీళ్ళు రాములవారి గుడి మెట్ల దాకా వస్తాయా, మా వీధి దాకా వస్తాయా, రాత్రికా, తెల్లవారికా?

ఇన్ని లక్షల క్యూసెక్కులు అన్న మాటకూ ‘ఈ రాత్రికి గుడి మెట్లు మునుగుతాయి, ఇప్పుడే కదలండి’ అన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని అనువాదం అనడం చాలదు. సంఖ్యను చోటుగా, సమాచారాన్ని నిర్ణయంగా మార్చే పని అది. దానికి జలశాస్త్రమూ కావాలి, ఊరి గుర్తులు తెలిసిన మాండలిక జ్ఞానమూ కావాలి. నిరక్షరాస్యుని చెవికి చేరేలా చెప్పే మౌఖిక సంప్రదాయపు నేర్పు కూడా కావాలి. ఈ మూడూ ఒకే శాఖలో దొరకవు.

పరిశోధనా దిశ

పరిశోధకురాలు పాత పట్టికలను పూర్తిగా పారవేయలేదు. క్షణాలు లెక్కపెట్టడం ఇప్పటికీ ఆమె పనిలో ఒక భాగమే, ఎందుకంటే కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడిన మనిషి క్షణాలకు విలువ ఎక్కువ. కాని ఆమె సిద్ధాంతవ్యాసపు ప్రశ్న మారింది. ప్రభుత్వ సేవల తెరలు నిరాకరణను తెలుగులో ఎలా పలుకుతున్నాయి, ఆ పలుకులో తప్పును ఎవరి మీద మోపుతున్నాయి, విన్నవారికి తిరిగి మాట్లాడే చోటు ఎక్కడ ఉన్నది అన్నవి ఇప్పుడామె అడుగుతున్న మూడు ప్రశ్నలు. వాక్యాలను సేకరించడం, వాటి కర్తను, క్రియావిభక్తిని, సంబోధనను వర్గీకరించడం, వాటిని విన్నవారు ఇంటికి వెళ్ళి తమ మాటలలో ఎలా తిరిగి చెప్పుకుంటారో నమోదు చేయడం ఆమె పద్ధతి. అమ్మమ్మ చెప్పిన వాక్యం అందులో మొదటి నమూనా.

ఇందులో తెలుగు శాఖల పాత్ర ఏమిటన్నది చివరి ప్రశ్న. ఈ విషయం ఇంజనీరింగ్ కళాశాలలదని విడిచిపెడితే, కారకం తెలియనివారు వాక్యాలు రాస్తూనే ఉంటారు. మాండలిక వృత్తి పదకోశాలకు, జానపద సంభాషణల అధ్యయనానికి, వాక్యనిర్మాణ పరిశోధనకు మన శాఖలలో పెద్ద సంప్రదాయమున్నది. ఆ కృషి ఎక్కువగా గ్రంథాలయాలలో ఉండిపోయింది. నేడు లక్షల మంది తెలుగువారు రోజూ తప్పనిసరిగా చదివే, లేదా ఎవరిచేతనో చదివించుకునే తెలుగు రచన కావ్యమూ నవలా కాదు, యంత్రపు తెర మీది రెండు మూడు పదాల వాక్యం. దానికి విమర్శకులు లేరు, సంపాదకులు లేరు, పరిష్కర్తలు లేరు.

కోవూరులోని ఆ దుకాణం ముందు ఇప్పటికీ వరుస ఉంటుంది. అమ్మమ్మ ఇప్పటికీ వేలిని కొంగుతో రెండుసార్లు తుడుచుకొనే యంత్రం మీద పెడుతుంది. అందులో తన తప్పేమీ లేదని మనవరాలు చాలాసార్లు చెప్పింది. అమ్మమ్మ విని నవ్వుతుంది, నమ్మదు. మనవరాలి మాట కన్నా తెర మాటకే ఆమె దృష్టిలో అధికారం ఎక్కువ. ఆ అధికారం చేత సరైన మాట పలికించేంతవరకు ఈ పరిశోధన పూర్తయినట్లు కాదు.